తొలి ముద్రణ నిర్ధారణ: తెలుగు నవల – కొన్ని ప్రమాణాలు

గురజాడ ‘కన్యాశుల్కం’పై రాసేవారు 1897, 1909 కూర్పుల భేదాన్ని విస్మరించరు. నాటకం విషయంలో పాటిస్తున్న ఈ జాగ్రత్త నవలా విమర్శలో అరుదు. చేతికందిన ప్రతినే మూలంగా భావించి ఉదాహరించడం మనకు అలవాటైంది. తొలి ముద్రణను గుర్తించడానికి ఉన్న ఆధారాలను, వాటి పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కొబ్బరి మార్కెట్టుకు పేరుపడిన అంబాజీపేటలో ఒక ఇంటి బీరువాలోని పాత నవలలను ఇటీవల పరిశీలించాను. ఒకదానికి ముందు అట్ట, ముఖపత్రం లేవు. ఇంటివారు దాన్ని తొలి ముద్రణగా భద్రపరిచారు. వెనుక అట్టపై వెల రూపాయి ఎనిమిది అణాలు. దానిపై నయాపైసల వెల ఉన్న చీటీ సగం ఊడి ఉంది. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. ‘నయా’ అన్న మాట 1964లో తొలగింది. కాబట్టి పుస్తకం అచ్చయింది నాణేల మార్పుకు ముందు. చీటీ అంటించింది ఆ తరువాత, ప్రతులు ఇంకా అమ్ముడుపోకుండా ఉన్న రోజుల్లో. ఈ ఆధారం కాలానికి పైహద్దును మాత్రమే ఇస్తుంది. అది ఎన్నో ముద్రణో చెప్పదు. చిరునామాలు కింది హద్దును ఇస్తాయి: ‘తూర్పు గోదావరి జిల్లా’ అని అచ్చయితే 1925కు ముందుది కాదు, పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కాదు.

పుస్తకంలో తేదీ లేకపోవడానికి ఒక చట్టపరమైన నేపథ్యం ఉంది. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం పుస్తకంపై ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, స్థలాలు ఉండాల్సి ఉండేది. తేదీ, ముద్రణ సంఖ్య అచ్చువేయాలన్న నిబంధన ఉండేది కాదు. అయితే ప్రభుత్వ నమోదు పట్టికలో ప్రచురణ తేదీ, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు, పుటలు, వెల అన్నీ చేరాల్సి ఉండేది. పుస్తకం చెప్పనిది పట్టిక చెబుతుంది. అందువల్ల మద్రాసు ప్రభుత్వ త్రైమాసిక పట్టికలతో ప్రతిని సరిపోల్చకుండా తొలి ముద్రణ అనడం ఊహే అవుతుంది.

‘ముద్రణ’ అన్న మాటే మరొక చిక్కు. చేతితో అక్షరాలు కూర్చిన రోజుల్లో అచ్చు ముగిశాక అక్షరాలను విడదీసి గళ్లలో వేసేవారు. మళ్లీ అచ్చువేయాలంటే మళ్లీ కూర్చాలి. కొత్త తప్పులు చేరేవి, పాతవి తొలగేవి. ఆ విధంగా మలి ముద్రణ నిజానికి మలి కూర్పే. ఆఫ్‌సెట్ వచ్చాక అదే ఫిల్ము నుంచి ఎన్ని ముద్రణలైనా తీయవచ్చు. పైగా హక్కులు చేతులు మారినప్పుడు కొత్త ప్రచురణకర్త తన తొలి ప్రచురణకే ‘ప్రథమ ముద్రణ’ అని వేసుకోవడం కద్దు. కాబట్టి ‘ముద్రణ’, ‘కూర్పు’ అన్న పదాలను పరిశోధనలో వేరువేరు అర్థాలలో వాడాలి.

పుస్తకరూపమే ఆది అనుకోవడమూ సరికాదు. కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. వారపత్రికల నుంచి పుటలు చించి కుట్టించుకున్న నవలలు కోనసీమ ఇళ్లలో నేటికీ కనిపిస్తాయి. సేకర్తలు వాటిని పక్కన పెట్టినా, పాఠపరిష్కర్తకు అవి తొలి ముద్రణకన్నా ముందటి సాక్ష్యాలు.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ విషయంలో ఈ చర్చ ప్రాధాన్యం స్పష్టమవుతుంది. 1922లో వెలువడిన ఈ నవల నిషేధానికి గురై, కొన్ని భాగాలు తొలగించిన మీదటే పునర్ముద్రణకు నోచుకుంది. కోత పడిన ప్రతిని చదివి రచయిత ఫలానా విషయంపై మౌనం వహించాడని తీర్పు చెబితే, ప్రభుత్వం చేసిన పనిని రచయితకు అంటగట్టినట్లవుతుంది.

అరుదైన ప్రతికి అంగడిలో పలికే వెల సేకర్తల విషయం. ఉదాహరించిన ప్రతి ఏ కూర్పుదో, ఏ ఆధారంతో నిర్ణయించారో చెప్పడం పరిశోధకుల బాధ్యత. అంబాజీపేట ప్రతిని ప్రస్తుతానికి ‘1957కు ముందటి ముద్రణ, కూర్పు అనిర్ధారితం’ అనే నమోదు చేశాను.