స్వేచ్ఛ లేని అనుసరణ

పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వుతో శుభోదయం స్టేటస్ పెట్టని ఇల్లు ఇప్పుడు అరుదు. 24 గంటలుండి మాయమైపోయే ఆ ముచ్చట ఎవరి ఆలోచనో మనం అడగం. వాట్సాప్ వాళ్ల తెలివే అనుకుంటాం. కాదు సుమండీ!

స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే కుర్రాళ్లు 2011లో స్నాప్‌చాట్ మొదలుపెట్టారు. 2013 అక్టోబరులో, రోజు గడిస్తే చెరిగిపోయే బొమ్మల వరుసని ‘స్టోరీస్’ అనే పేరుతో తెచ్చారు. ఆ యేడే ఫేస్‌బుక్ వాళ్లు 300 కోట్ల డాలర్లిస్తాం, అమ్మెయ్యండి అన్నారట. కుర్రాళ్లు ససేమిరా అన్నారు. 2016 ఆగస్టులో ఫేస్‌బుక్ వారి ఇన్‌స్టాగ్రామ్‌లో అదే ముచ్చట వెలిసింది. పేరైనా మార్చారా? అబ్బే, స్టోరీస్ అంటే స్టోరీసే! 2017 ఫిబ్రవరిలో వాళ్లదే అయిన వాట్సాప్‌లోకీ వచ్చేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎనిమిది నెలలకే రోజూ స్టోరీస్ వాడేవాళ్లు 20 కోట్లయ్యారు. అసలు కనిపెట్టిన స్నాప్‌చాట్‌కి 2016 చివర మొత్తంమీద వున్నది 15.8 కోట్లే.

నవలలు రాసుకునే నేను దీనిమీద ధర్మపన్నాలు చెబితే నలుగురూ నవ్వుతారు. పేదపిల్లని ప్రేమించిన జమీందారుగారి అబ్బాయి ఎంతమంది నవలల్లో తిరగలేదు! అయితే మన వారపత్రికల్లో ఒక మర్యాద వుండేది. కథ చివర చిన్న అక్షరాల్లోనైనా ‘ఆంగ్ల కథకి స్వేచ్ఛానుసరణ’ అని వేసేవారు. నిజం చెప్పొద్దూ, ఇన్‌స్టాగ్రామ్ పెద్ద కెవిన్ సిస్ట్రోమ్ ఆ మర్యాద పాటించాడు. గొప్పంతా స్నాప్‌చాట్ వాళ్లదేనని విలేఖరి ముందు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే సరిపోయిందా? నాకు సరిపోలేదు. అనుసరణ సరే, అందులో స్వేచ్ఛ ఏదీ?

ఆ స్వేచ్ఛ ఎలా వుంటుందో ఆపిల్ పాతకథలో కనిపిస్తుంది. 1979 డిసెంబరులో స్టీవ్ జాబ్స్ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలకి వెళ్లి, మౌస్‌తో తెరమీది బొమ్మల్ని నడిపించే ఆల్టో కంప్యూటర్ని చూశాడు. (నకలుకి మనం పెట్టుకున్న పేరు ఆ కంపెనీదే కావడం విధి విలాసం. మౌస్ కూడా వాళ్లది కాదు. డగ్లస్ ఎంగెల్‌బర్ట్ 1968లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో సభకి చూపించాడు.) ఆ దర్శనం వూరికే కాలేదు. ఆపిల్‌లో లక్ష వాటాల్ని 10 లక్షల డాలర్లకి కొనుక్కునే వీలు జిరాక్స్‌కి దక్కింది. 1981లో జిరాక్స్ తానే అమ్మకానికి పెట్టిన ‘స్టార్’ ఖరీదు 16 వేల డాలర్ల పైమాట. 1984లో ఆపిల్ మెకింటాష్ 2,495 డాలర్లు. పైనుంచి కిందికి జారే మెనూల్లాంటివి ఆపిల్ వాళ్లు సొంతంగా చేర్చారు. పెద్ద ఆఫీసులు దాటని వస్తువు ఇంటి బల్లమీదికొచ్చింది. దాన్ని దొంగతనం అనడానికి నాకు నోరు రాదు. 1988లో ఇదే ఆపిల్, మా తెర అందాన్ని మైక్రోసాఫ్ట్ ఎత్తుకుపోయిందని కోర్టుకెక్కి ఓడిపోవడం మరో వినోదం!

స్టోరీస్‌లో అలాంటి చేర్పు నాకేం కనబడదు. ధర తగ్గించారా అంటే స్నాప్‌చాటూ ఉచితమే. ఫేస్‌బుక్ దగ్గర అదనంగా వున్నది జనం. కోట్లమంది కూర్చున్న హాలు తనదైనవాడు ఎవరి నాటకమైనా ఆడించుకోగలడు. స్నాప్‌చాట్ చచ్చిపోలేదు, ఇప్పటికీ వుంది. కానీ రేపు ఇంకో కుర్రాడు కొత్త ఆలోచనతో వస్తే? అడిగిన ధరకి అమ్మెయ్యాలి, లేదా తన సరుకుని ఎదుటి కొట్లో చూసుకోవాలి.

2020 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ సంఘం ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌ని విచారించింది. ఇతరులు ముందు తెచ్చినవాటిని మేం మలుచుకున్నాం, మావీ వాళ్లు తీసుకున్నారు అన్నాడాయన. ఎన్ని కంపెనీల్ని కాపీ కొట్టారని నిలదీసింది చెన్నైలో పుట్టిన సభ్యురాలు ప్రమీలా జయపాల్. అయిదుకంటే తక్కువా అంది. తెలియదన్నాడు. పోనీ, యాభైకంటే తక్కువా అంది. అంకె మాత్రం ఆయన నోట రాలేదు.