నీళ్లబిందె సంగతి

పోయిన వారం మా వీధిలో రెండు రోజులు కొళాయి రాలేదు. సరిగ్గా ఆ రెండు రోజులే నేను కందుకూరి వీరేశలింగం గారి స్వీయ చరిత్రము మళ్లీ తీశాను. వెనక వీధి బోరింగు నుంచి రెండు బిందెలు తెచ్చుకునేసరికి నడుం పట్టేసింది. అలాగే కూలబడి పుస్తకం తెరిస్తే, బి.ఏ. చదివే రోజుల్లో నా కంట పడని ఒకావిడ కనబడింది.

పంతులు గారి భార్య, రాజ్యలక్ష్మమ్మ గారు.

పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. పెళ్లయ్యాక రాజ్యలక్ష్మి అయింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో గౌరమ్మ అనే చిన్నపిల్లకి పంతులు గారు చేసిన తొలి వితంతు వివాహం గురించి మనమంతా బళ్లో చదువుకున్నాం. డబ్బు సాయం చేసిన కాకినాడ పైడా రామకృష్ణయ్య గారి పేరూ చదువుకున్నాం. ఆ గొడవలో వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు గోదావరి నుంచి నీళ్లు తెచ్చి, వండి వడ్డించింది రాజ్యలక్ష్మమ్మ గారే. పంతులు గారి గురించి రాసేవాళ్లు ఈ సంగతి దాచరు లెండి. ఒక వాక్యంలో చెప్పేసి, "సహధర్మచారిణి" అని ఒక నమస్కారం పెట్టి, మళ్లీ సభలోకి వెళ్లిపోతారు.

నా పేచీ ఆ ఒక్క వాక్యంతోనే. ఎన్ని బిందెలండీ? పెళ్లివారికి వంటంటే ఎసట్లోకి, కడుగుళ్లకి, స్నానాలకి ఎన్ని నీళ్లు కావాలో ఇంట్లో శుభకార్యం చేసిన ఏ ఇల్లాలినైనా అడగండి. రేవు మెట్ల మీద ఎదురుపడిన ఆడవాళ్లు ఏమన్నారు? మడి అని పక్కకి తప్పుకున్నారా? పంతులు గారి మీద పడ్డ మాటలకి ఆయన పత్రికలో జవాబు రాసుకోవచ్చు. చేతిలో వివేకవర్ధని ఉండనే ఉంది. ఈవిడ నెత్తి మీద బిందెతో ఎవరికి జవాబు చెబుతుంది?

స్వీయ చరిత్రము రెండో భాగం 1915లో వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి అయిదేళ్లు. పంతులు గారు భార్య రుణం ఒప్పుకోని మనిషి కాదు. కాని ఆయన కలం తీరిగ్గా నిలిచేది తగాదాల దగ్గర. ఎవరు ఎవరికి ఏం రాశారు, ఎవరు మాట తప్పారు, వ్యాజ్యం ఎందాకా వచ్చింది. ఆ పట్టింపు చూస్తే మా పెదమావగారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అయినా తన జీవితాన్ని అంత ఓపిగ్గా మన ముందు పరిచిన పెద్దమనిషిని తీసిపారెయ్యలేం.

తర్వాత వచ్చినవాళ్లూ కష్టపడ్డారు. నార్ల వెంకటేశ్వరరావు గారి ఇంగ్లీషు పుస్తకం 1968లో సాహిత్య అకాడెమీ వేసింది. అమెరికా నుంచి వచ్చి పరిశోధించిన జాన్ లెనార్డ్ గారి జీవితచరిత్రని 1991లో తెలుగు విశ్వవిద్యాలయం అచ్చువేసింది. చదవవలసిన పుస్తకాలే. అయితే చరిత్ర రాసేవారికి కాగితాలు కావాలి. సభల తీర్మానాలకి కాగితం ఉంటుంది, విరాళాలకి ఉంటుంది. నీళ్లబిందెకి రసీదు ఎవరిస్తారు?

"కాగితం లేనిచోట ఊహించుకోవడం మీ నవలాకారుల పనే కదా!" అన్నారు మావారు. వొద్దండీ. నేను రాస్తే ఆవిడ చేత నాలుగు కన్నీళ్లు కార్పించి, రేవులో ఓ వెన్నెల రాత్రి పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు. నాకు కావలసింది కల్పన కాదు. ఇంటి నుంచి రేవుకి ఎంత దూరమో కొలిచి, వితంతు శరణాలయంలో ఎంతమందికి వండేవారో వెతికి, ఆవిడ దినం ఎలా గడిచిందో కూడికలూ తీసివేతలూ వేసి చెప్పే కొత్త జీవితచరిత్ర. పంతులు గారు అందులో ఉండొద్దనను. వీధరుగు మీద కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటూ ఉండనివ్వండి. చూసేది మాత్రం వంటింటి వైపు నుంచి చూడాలి.

వచ్చే ఆదివారం తణుకు నుంచి రాజమండ్రి రైలెక్కుతున్నాను. పంతులు గారిల్లు స్మారకంగా ఉంచారు కదా, అక్కణ్ణుంచి గోదావరి రేవు దాకా నడుస్తాను. "ఉత్త చేతుల్తో నడిస్తే ఏం తెలుస్తుంది?" అంటున్నారు మావారు. బిందె తీసుకెళ్లమని అర్థం. మొయ్యడానికి తానొస్తానని మాత్రం ఇంకా అనలేదు.