సుద్దగీతతో సముద్రమట్టం: ఈవ్ మోషర్ 'హైవాటర్‌లైన్' - విమర్శనాత్మక పరిశీలన

బహిరంగ కళ అనగానే కూడలిలో నిలబెట్టిన విగ్రహమో, గోడమీద వేసిన బొమ్మో మనకు గుర్తుకు వస్తుంది. ఈవ్ మోషర్ 2007 వేసవిలో న్యూయార్క్‌లో చేపట్టిన 'హైవాటర్‌లైన్'లో ఈ రెండూ లేవు. ఆటస్థలాల్లో గీతలు వేసే సుద్దబండిని తోసుకుంటూ ఆమె బ్రూక్లిన్, దిగువ మన్‌హాటన్ వీధుల్లో నడిచారు. సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తున్న చోట్లను కలుపుతూ నేలమీద గీత గీశారు. సుమారు 70 మైళ్లు సాగిన ఆ గీత కొద్దికాలానికే చెరిగిపోయింది.

కళారూపం - ప్రయోజనం

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆ అంకె అర్థమేమిటో నది ఒడ్డున ఉన్నవారికి విడమరచి చెప్పనక్కరలేదు. వారు ఆ నీటిని చూశారు. ఇంకా రాని వరద విషయంలో అలాంటి అనుభవం ఉండదు. శాస్త్రవేత్తల నివేదికలోని '10 అడుగులు' చదివినవారికి ఒక అంకె మాత్రమే. అదే అంకె గీతగా మారి తమ దుకాణం ముందునుంచి పోతే వారు ఆగి చూస్తారు, ఎందుకని అడుగుతారు. అలా దారిన పోయేవారితో సాగిన సంభాషణే ఈ కృతికి ప్రాణం. గీత చెరిగిపోవడం లోపం కాదు. పర్యావరణం గురించి మాట్లాడే కళ తన వంతు చెత్తను మిగల్చకపోవడం ఉచితమే.

గుణదోష విచారణ

2012 అక్టోబరు 29న శాండీ తుఫాను న్యూయార్క్ తీరప్రాంతాలను ముంచెత్తింది. ఆ తరువాత ఈ కృతిని భవిష్యవాణిగా మెచ్చుకోవడం కనిపిస్తుంది. ఈ మెప్పు కృతి విలువను తగ్గిస్తుంది. తుఫాను రాకపోయి ఉంటే ఈ కృతి విఫలమైనట్లా? ముప్పు సంగతి శాస్త్రవేత్తలు ముందే చెప్పారు. తెలిసిన సత్యాన్ని కంటికి కనబడేలా చేయడమే మోషర్ సాధించినది.

అయితే ఒక పరిమితిని గుర్తించాలి. సుద్దగీత అందరి గుమ్మం ముందూ ఒకే మందంతో ఉంటుంది; వరద నష్టం అలా ఉండదు. శాండీ తరువాత రెడ్‌హుక్‌లోని ప్రభుత్వ గృహసముదాయంలో పేద కుటుంబాలు వారాల తరబడి విద్యుత్తు లేకుండా గడిపాయి. ఎవరు పల్లంలో ఉన్నారో గీత చెబుతుంది. ఎవరు అక్కడినుంచి కదలలేరో చెప్పదు. 2013లో మయామీలో స్థానికులే బండి పట్టుకుని గీత గీయడం ఈ లోటును కొంత పూడ్చింది. అక్కడ ముప్పును చెప్పినవారు, దాన్ని ఎదుర్కోవలసినవారు ఒకరే అయ్యారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

చెరిగిపోయే కళ, శాశ్వత స్మారకం - పర్యావరణ చైతన్యానికి ఏది ఎక్కువ తోడ్పడుతుంది? మీ ప్రాంతంనుంచి ఒక ఉదాహరణతో చర్చించండి.