దేనికి ఇరవై రెట్లు?

పసుపు క్యాప్సూళ్ల ప్రకటనల్లో ‘మామూలు పసుపు కంటే ఇన్ని రెట్లు’ అన్న మాట ఈ వారం మళ్లీ కంటపడింది. రెట్ల లెక్కలంటే ఈ కాలమ్‌కు ఎంత అనుమానమో పాత పాఠకులకు తెలుసు. ఎన్ని రెట్లనే ముందు, దేనికి రెట్లని అడగాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి రైతులు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ యార్డుకు చేర్చే పసుపులో కర్క్యుమిన్ సుమారుగా నూటికి మూడు పాళ్లు. అది నీళ్లలో కరగదు. పేగు గోడల్లో, కాలేయంలో రూపం మారి త్వరగా బయటికి పోతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, జోడించి ఇస్తే మనుషుల ఒంటికి 20 రెట్లు పట్టిందన్నారు. విడిగా ఇచ్చినప్పుడు మాత్రం రక్తంలో దాదాపు కనిపించనే లేదు. లేనిదానికి ఇరవై రెట్లంటే ఎంత?

నానో వాహకాలు, అంటే మందును మోసుకెళ్లే అతిసూక్ష్మ రేణువులు, చేసేదీ ఒంటికి పట్టించే పనే, ఇంకాస్త నేర్పుగా. కొవ్వు పొరల లైపోజోమ్‌లోనో, పాలిమర్ రేణువులోనో కర్క్యుమిన్‌ను పొదిగి, నీళ్లలో కలిసేలా, దారిలో చెడిపోకుండా చూసి పేగు దాటిస్తారు. ఈ విద్య బూటకం కాదు. మెలికంతా కొలతలో ఉంది. చాలా అధ్యయనాల్లో రక్తం నమూనాకు ఎంజైమ్ కలిపి, రూపం మారిపోయిన కర్క్యుమిన్‌నూ అసలు లెక్కలో వేస్తారు. పైగా రక్తంలో చేరడం వేరు, జబ్బు తగ్గడం వేరు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా డబుల్ బ్లైండ్, ప్లాసిబో పద్ధతిలో ఒక్కటీ నెగ్గలేదని 2017లో ‘జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ’లో వచ్చిన సమీక్ష తేల్చింది.

ఇంతదాకా వచ్చాక నానో వద్దంటాననుకుంటారు. కాదు, నానో కావాలి అంటాను. ట్రయల్ ఓడినప్పుడల్లా ‘ఒంటికి పట్టలేదు గనుక’ అన్న సాకు వినిపిస్తుంది. పట్టించి చూస్తే తప్ప ఆ సాకు పోదు, కర్క్యుమిన్ మందో కాదో తేలదు. తరతరాలుగా తింటున్న పసుపుకు మళ్లీ పరీక్షలెందుకని కొందరంటారు. కూరలో పసుపు నిరపాయం కావడానికి అది పెద్దగా ఒంటికి పట్టకపోవడమూ ఒక కారణం కావచ్చు. పట్టేలా చేశాక పాత భరోసా చెల్లదు. పసుపు సప్లిమెంట్లతో ముడిపడిన 10 కాలేయ జబ్బు కేసులను అమెరికా పరిశోధకులు 2022లో ప్రకటించారు; వారిలో ఒకరు చనిపోయారు. పది కేసులే కదా, అందులో జన్యువుల పాత్రా ఉంది కదా అనవచ్చు. నిజమే, కానీ ఎవరికి ముప్పో ముందే చెప్పగలిగేది పరీక్షే. అందుకే నానో పసుపును వంటింటి దినుసుగా కాదు, మందుగా పరీక్షించి మందుగానే అమ్మాలి. నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ఉంది. కర్క్యుమిన్ శాతాన్ని బట్టి రైతుకు ధర దక్కేలా చూడటంతో పాటు, నానో పసుపును మందుగా పరీక్షించాలన్న డిమాండ్‌నూ అది భుజాన వేసుకోవాలి. ఈలోగా కాలేయ జబ్బున్నవాళ్లూ రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లూ డాక్టర్‌ను అడగకుండా పసుపు క్యాప్సూళ్ల సీసా కొనకండి. కూరలో పసుపు మాత్రం మానక్కర్లేదు.