అద్దకంలో రామచిలుక

పందొమ్మిదో శతాబ్దంలో బందరు నుంచి పర్షియాకు ఓడలెక్కిన కలంకారీ తెరల్లో పూలచెట్లకు అటూ ఇటూ నెమళ్లు, చిలుకలు కనిపిస్తాయి. చూపరులు నెమలి దగ్గరే ఆగిపోతారు. పనితనం తెలియాలంటే మాత్రం చిలుకను చూడాలి. నల్లటి గీత, ఎర్రటి ముక్కు, పచ్చటి రెక్క. మూడు రంగులూ మూడు దారుల్లో వచ్చినవి.

ముందు గుడ్డ సంగతి. గంజి పోయేలా ఉతికి, పేడనీళ్లలో నానేసి, ఎండకు తెల్లబరిచిన నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. కరక్కాయ వగరు నలుపు కోసం. పాలలోని వెన్న, అద్దే మందు పక్కకు పాకకుండా ఆపడానికి. చిలుక కన్ను ఆవగింజంత. మందు కాస్త చెదిరితే అది కన్ను కాదు, మచ్చ.

గీతకొక టేకు అచ్చు, లోపల నింపడానికి మరొకటి. తొట్టెలో వెదురు తడిక మీద గొంగడి ముక్క పరిస్తే అచ్చుకు మందు సమంగా అంటుతుంది. నల్లమందు అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులిసిన కసిం. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలితే చాలు, నల్లబడుతుంది. ముక్కు చోట అద్దేది పటిక. దానికి సొంత రంగు లేదు. ఎక్కడ పడిందో కంటికి ఆనడానికి కాస్త రంగు కలుపుతారు. ఇంకా పుట్టని ఎరుపును నల్లగీత మధ్య సరిగ్గా కూర్చోబెట్టే ఆ చెయ్యి నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ముక్కు ఎర్రబడేది రాగి కాగులో. చిరివేరు వేసి మరిగిస్తే పటిక ఉన్నచోటే ఎరుపుకు పట్టు చిక్కుతుంది. మిగతా చోట్ల అంటిన మరకను ఇసుక మీద ఎండలో పరిచి, నీళ్లు చల్లుతూ పోగొడతారు. ఆ వేరు మన తీరపు ఇసుకనేలల్లో పెరిగేదే. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు నిజాంపట్నంలో దిగింది ఈ తీరపు బట్టల బేరానికే. 1870ల్లో జర్మనీ అలిజరిన్ వచ్చి చిరివేరు గిరాకీని దెబ్బకొట్టింది.

ఇక రెక్క. పచ్చదనమిచ్చే ఒంటి రంగు అద్దకంవాళ్ల దగ్గర లేదు. రెక్కను వదిలి మిగతా గుడ్డను మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచుతారు. పైకి తీసినప్పుడు పసరుగా ఉన్న రెక్క, గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. వేడినీళ్లలో మైనం వదిలించి, నీలం మీద కరక్కాయ పువ్వుతో తీసిన పసుపు పూస్తే అప్పుడది చిలకపచ్చ.

ఆ పసుపు వెలుతురుకు ఆగదు. మ్యూజియంలోని పాత తెర మీద నీలిరెక్కల చిలుక కనిపిస్తే అదేదో వింత పక్షి అనుకోనక్కర్లేదు; పై పూత వెలిసిన మన రామచిలుకే. పటిక పట్టిన ముక్కు మాత్రం అంత తొందరగా వెలవదు.