డాక్టరుగారు కూర్చున్న అరుగు

ఈ వారము మా బంధువులయింట పురిటికి వచ్చిన అమ్మాయి తల్లీబిడ్డల కార్డును చేతికి తీసికొని చూచితిని. బరువు, రక్తపుపోటు ఏ.ఎన్.ఎం. చేతివ్రాతలో నుండగా, కాళ్లకు నీరు పట్టినదని ఆమె గమనించి చెప్పిన సంగతిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు ఆ ప్రక్కనే పేర్కొని, మూత్రపరీక్ష కోరియుండెను. ఒకరి మాట నొకరు విని వ్రాసిన ఆ రెండు పంక్తులు నాకు మిక్కిలి సంతోషము గూర్చి, నా పాత వాదమును మరల తరచిచూడ పురికొల్పినవి.

ఈ శీర్షికను విడువక చదువువారికి నా వాదము కొత్తది కాదు: సహజప్రసవమున వైద్యుడు దూరముగా నుండి మంత్రసానిని పని చేసికొననీయవలెను. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు సిజేరియనులని తేలినప్పటినుండి నా పట్టు మఱింత బిగిసినది.

మా యూరి ఎల్.ఎం.పి. డాక్టరుగారు కాన్పు జరుగు నింటికి పోయి అరుగుమీద కూర్చుండెడివారు. లోపల మంత్రసాని, నొప్పి వచ్చినపుడెల్ల కడుపుపై అరచేయి మోపి, అది గట్టిపడి మరల మెత్తబడువరకు తీయక, "ఇంకా పొద్దుంది తల్లీ, తొందరపడకు" అనుచుండెడిది. ఆమె గడపలోనికి వచ్చి "బాబుగారూ, మాయ పడలేదండీ" అనిననేగాని ఆయన లేచెడివారు కారు. అనిన పిదప క్షణమైనను కూర్చుండెడివారు కారు.

నా వాదమునకు ఆ అరుగే ఆధారము. కాని దూరముగా నుండుటయే గొప్పయైనచో, ఇంటినుండి ఫోనులో ఉత్తరువులిచ్చు వైద్యుడును గొప్పవాడే కావలెను గదా! డాక్టరుగారు దగ్గరనే యుండిరి. లోపలి మూలుగులను, వాని నడిమి విరామములను వినివిని, సాఫీగా సాగు కాన్పు ఎట్లుండునో ఎరిగిరి. ముదిరిన కాన్పులకే పిలువబడు నేటి యువవైద్యునికి ప్రతి ఆలస్యమును అపాయముగనే తోచుటలో వింత యేమి?

2017లో కరీంనగరమున నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైనది, మేలైన పని. ఆ శిక్షణ పొందినవారి ప్రక్కన హౌస్‌సర్జనులనుగూడ రాత్రియంతయు కూర్చుండబెట్టవలెను. గర్భాశయముఖము విచ్చుటను మిడ్‌వైఫు పార్టోగ్రాఫుపై గుర్తించుచుండ, శిశువు గుండె నిమిషమునకు 110–160 నడుమ కొట్టుకొనుచున్నదో లేదో హౌస్‌సర్జను వినవలెను. ఏ గుర్తు గీత దాటిన ఆమె అతనిని పిలువవలెనో ఇరువురును ముందుగనే మాటాడుకొనవలెను. అతని ప్రసూతివిధుల పుస్తకమున ఆమె సంతకము పడనిదే ఆ విధి ముగిసినట్లు లెక్కింపరాదు.