ట్రెబుల్ బూస్టర్ నుంచి జమిడిక వరకు: నాదగుణంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎలక్ట్రిక్ గిటారు స్వరాన్ని తీర్చిదిద్దే పరికరాల్లో ట్రెబుల్ బూస్టర్ చాలా చిన్నది. పేరును బట్టి అది స్వరాన్ని కీచుగా మార్చే సాధనమని అనిపిస్తుంది. దాని పనితీరును గమనిస్తే, ఏ ధ్వనిని పెంచాలన్న నిర్ణయంతో సమానంగా ఏ ధ్వనిని పెంచకూడదన్న నిర్ణయం కూడా అందులో ఉందని తెలుస్తుంది. ఆ నిర్ణయం వాదకుని చేతిలో ఉన్నప్పుడు అది కళలో భాగమవుతుంది. చేయి దాటినప్పుడు వాద్యానికి నష్టం కలుగుతుంది. ఈ సూత్రం ఆధారంగా తంబురా జీవను, ఎలక్ట్రిక్ మాండలిన్‌ను, ఎల్లమ్మ కథకు తోడుగా మోగే జమిడికను పరిశీలించి, జానపద ప్రదర్శన పరిశోధనలో నాదగుణానికి దక్కవలసిన స్థానాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ట్రెబుల్ బూస్టర్, నాదగుణం, జీవ, జమిడిక, ఎల్లమ్మ కథ, లౌడ్‌స్పీకరు.

1. ఉపోద్ఘాతం

ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉన్న హుస్నాబాద్, 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరింది. రేణుకా ఎల్లమ్మ గుడి, ఎల్లమ్మ చెరువు ఆ ఊరికి ఆనవాళ్లు. అదే జిల్లాలో కొమురవెల్లి మల్లన్న క్షేత్రం ఉంది. మల్లన్న కథకు ఒగ్గువారు, ఎల్లమ్మ కథకు బైండ్లవారు తెలంగాణలో ప్రసిద్ధులు. బైండ్లవారి కథనానికి ప్రాణం జమిడిక. ఒకవైపు తోలు మూసిన డొల్ల, ఆ తోలు నడుమ నుంచి సాగే తీగ, ఆ తీగను లాగుతూ సడలిస్తూ మీటే చేయి: ఇంతే ఆ వాద్యం. బిగువు మారుతున్న కొద్దీ స్వరం పైకి ఎగబాకుతుంది, కిందికి జారుతుంది.

తెలుగు విమర్శలో 'ధ్వని' అనగానే వ్యంగ్యార్థం స్ఫురిస్తుంది. చెవికి వినిపించే ధ్వని మాత్రం విమర్శకు చాలాకాలం దూరంగానే ఉండిపోయింది. బిరుదురాజు రామరాజు మొదలుకొని జానపద సాహిత్య పరిశోధకులు పాఠాన్ని సేకరించి, వర్గీకరించి, కాపాడారు. ఆ కృషి లేకపోతే ఈనాడు చర్చించడానికి కథలే మిగిలి ఉండేవి కావు. జయధీర్ తిరుమలరావు వంటివారు వాద్యాలనూ సేకరించారు. అయితే వాద్యం ఆకారం దొరికినంత తేలికగా దాని నాదగుణం దొరకదు. ఒకే శ్రుతిలో మోగే రెండు వాద్యాలను చెవి వేరుగా గుర్తించేది నాదగుణం వల్లనే. మైకు, ఆంప్లిఫయర్, లౌడ్‌స్పీకరు మధ్యలోకి వచ్చాక ఆ గుణాన్ని నిర్ణయించేది వాద్యం ఒక్కటే కాదు. ఈ సమస్యను ఎలక్ట్రిక్ గిటారు వాదకులు అరవై ఏళ్ల కిందటే ఎదుర్కొన్నారు. వారు కనుగొన్న ఒక పరిష్కారమే ట్రెబుల్ బూస్టర్.

2. ట్రెబుల్ బూస్టర్ పనితీరు

ఈ పరికరాల్లో అన్నిటికంటే పేరు పొందినది 1960ల నడుమ లండన్‌లోని డల్లాస్ సంస్థ విడుదల చేసిన రేంజ్‌మాస్టర్. తరువాతి కాలపు పెడల్ లాగా కాలితో తొక్కేది కాదు. ఆంప్లిఫయర్ మీద పెట్టుకొనే చిన్న లోహపు పెట్టె. లోపల ఒకే ఒక జెర్మేనియం ట్రాన్సిస్టర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ. గిటారు నుంచి వచ్చే సంకేతం ముందుగా సుమారు 0.005 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా పోవాలి. దీని స్వభావం సల్లెడ వంటిది. వేగంగా కంపించే పై ధ్వనులను సులువుగా పోనిస్తుంది. నెమ్మదిగా కంపించే కింది ధ్వనులను అడ్డగిస్తుంది.

ఈ అడ్డగింపు సుమారు 2600 హెర్ట్జ్ దిగువన మొదలై, ఒక్కో స్థాయి దిగిన కొద్దీ దాదాపు 6 డెసిబెళ్ల చొప్పున పెరుగుతుంది. గిటారు మంద్ర తీగ పౌనఃపున్యం 82 హెర్ట్జ్. దాన్ని రెట్టింపు చేస్తూ పోతే 164, 328, 656, 1312, 2624. అంటే ఆ తీగ మూలస్వరం సల్లెడ హద్దుకు అయిదు స్థాయిల దిగువన ఉంది. పై ధ్వనులతో పోలిస్తే దానికి దాదాపు 30 డెసిబెళ్ల తగ్గింపు పడుతుంది. సల్లెడ తరువాత ట్రాన్సిస్టర్ మొత్తం సంకేతాన్ని పెంచుతుంది. తగ్గింపు, పెంపు రెండూ కలిసిన ఫలితంగా మూలస్వరం కొంచెం అటూ ఇటూగా ఉన్నచోటే ఉంటుంది. దాని పైనున్న అతిస్వరాలు బాగా పెరుగుతాయి.

ఇక్కడే పేరు తప్పుదారి పట్టిస్తుంది. పై ధ్వనులను పెంచడమే లక్ష్యమైతే ఆంప్లిఫయర్ మీది ట్రెబుల్ మర తిప్పితే చాలు. బూస్టర్ ప్రత్యేకత దాని స్థానంలో ఉంది. అది ఆంప్లిఫయర్‌కు ముందు నిలుస్తుంది. వాల్వు ఆంప్లిఫయర్ తన శక్తికి మించిన సంకేతాన్ని అందుకున్నప్పుడు తరంగాల శిఖరాలను కత్తిరిస్తుంది. రాక్ సంగీతం కోరుకునే విరూపణ అదే. ఆ దశలో బలమైన కింది ధ్వనులు పై ధ్వనులను తమతో పాటు అణచివేస్తాయి. రెండు స్వరాల మొత్తానికి, భేదానికి సరిపడే కొత్త ధ్వనులు కూడా పుడతాయి. మంద్రంలో రెండు మూడు తీగలు కలిపి మీటితే వినిపించే బురదలాంటి మోతకు కారణం ఇది. కింది ధ్వనులను ముందే అదుపులో ఉంచితే విరూపణ ఎక్కువగా మధ్య, పై భాగాల్లో జరుగుతుంది. ఒక్కో తీగ విడిగా పలుకుతుంది. విరూపణ జరిగిన తరువాత ట్రెబుల్ ఎంత పెంచినా ఈ తేటదనం రాదు. బురద కలిసిన నీటిని పైనుంచి వెలిగించినంత మాత్రాన అది తేరుకోదు.

3. వాదకుల ప్రయోగం

బర్మింగ్‌హామ్‌కు చెందిన టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు కోల్పోయాడు. ఎడమచేతి వాటం వాదకుడు కావడంతో తీగలు నొక్కవలసినవి ఆ వేళ్లే. ప్లాస్టిక్ తొడుగులు చేసుకొని, సన్నని తీగలు వాడి, తరువాత శ్రుతిని కూడా దించి వాయించాడు. బ్లాక్ సబ్బత్ బృందం 1971లో వెలువరించిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లోని కొన్ని పాటల్లో మూడు అర్ధస్వరాలు దించిన శ్రుతి వినిపిస్తుంది. మంద్ర తీగ 82 హెర్ట్జ్ నుంచి 69కి దిగుతుంది. బరువైన సంగీతానికి మారుపేరైన ఈ వాదకుడు తన తొలి దశలో నమ్ముకున్నది, మార్పులు చేయించుకున్న ఒక రేంజ్‌మాస్టర్‌ను. బరువు కోసం ట్రెబుల్ పెంచడం వైరుధ్యంగా కనిపిస్తుంది. పై విశ్లేషణను బట్టి అందులో వైరుధ్యం లేదు. తీగ ఎంత కిందికి దిగితే అంతగా ముద్దకట్టే స్వరానికి అంచు కావాలి. బూస్టర్ ఆ అంచును ఇచ్చింది.

క్వీన్ బృందపు బ్రయాన్ మే మార్గం వేరు. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టి తయారుచేసుకున్న గిటారు, వోక్స్ ఏసీ30 ఆంప్లిఫయర్, వాటి నడుమ ట్రెబుల్ బూస్టర్: ఈ మూడింటి కలయికే అతని స్వరం. ఒకదానిపై ఒకటి పేర్చిన గిటారు స్వరాలు బృందగానంలా వినిపిస్తూ కూడా విడివిడిగా తెలియడానికి ఈ కలయిక తోడ్పడింది. ఆంప్లిఫయర్‌ను ఎక్కువ మోతాదులో ఉంచి, గిటారు మీది వాల్యూమ్ మరతోనే తేట స్వరానికీ విరిగిన స్వరానికీ మధ్య తిరగడం అతని పద్ధతి. మరను కొద్దిగా తగ్గిస్తే విరూపణ తగ్గుతుంది, పెంచితే మళ్లీ తలెత్తుతుంది. సల్లెడ పెట్టెలో ఉన్నా దాని ఫలితాన్ని క్షణక్షణం నిర్ణయించేది వాదకుని చేయి.

దీనికి ఒక పరిమితి కూడా ఉంది. కింది ధ్వనులు దండిగా ఉన్న ఆంప్లిఫయర్‌తో బూస్టర్ రాణిస్తుంది. స్వభావరీత్యా కీచుగా ఉండే, విరూపణ చెందని ఆంప్లిఫయర్‌కు కలిపితే అదే పరికరం చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. కాబట్టి మంచి స్వరం పరికరంలో దాగిన గుణం కాదు. పరికరానికీ దాని ముందూ వెనకా ఉన్నవాటికీ గల సంబంధం. బూస్టర్‌ను మెచ్చుకోవడమైనా, తెగడడమైనా ఈ సంబంధాన్ని విడిచిపెట్టి చేస్తే విమర్శ కాబోదు.

4. జీవ, మాండలిన్

ఈ ఆలోచన తెలుగు శ్రోతకు పరాయిది కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద ఉంచే దారాన్ని సంగీతజ్ఞులు 'జీవ' అంటారు. దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే మూగగా ఉన్న తీగ ఒక్కసారిగా అతిస్వరాలతో విచ్చుకుంటుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి. వి. రామన్ 1921లో తంబురా, వీణల బ్రిడ్జీలపై రాసిన పరిశోధనలో, మీటిన చోటును బట్టి వినిపించకూడని అతిస్వరాలు కూడా ఈ వాద్యాల్లో బలంగా వినిపిస్తాయని చూపాడు. విద్యుత్తు లేకుండానే అతిస్వరాలను పైకి తెచ్చే ఉపాయం ఇది. దానికి పెట్టిన పేరు గమనార్హం: పై ధ్వనులు చేరినప్పుడే తీగకు జీవం వచ్చిందని ఆ పేరు చెబుతోంది.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఉదాహరణ దీనికి మరో ముఖం. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు ఉంటాయి. స్వరం మెరిసి వెంటనే ఆరిపోతుంది. గమకానికి కావలసిన నిడివి ఉండదు. శ్రీనివాస్ జతలను వదిలి, అయిదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. విద్యుద్వర్ధకం ఇచ్చిన నిడివి మీద కర్ణాటక గమకం నిలబడింది. అయోమీకి అంచు అవసరమైంది, శ్రీనివాస్‌కు నిడివి అవసరమైంది. ఇద్దరూ సంగీతం అడిగినదాన్ని బట్టి వాద్యాన్నీ విద్యుత్తునూ మలచుకున్నారు. విద్యుత్తు సంప్రదాయాన్ని చెరుపుతుందనే సాధారణ ఆక్షేపణ ఈ ఉదాహరణ ముందు నిలవదు.

5. జమిడిక, లౌడ్‌స్పీకరు

జాతర్లలో, సభల్లో దశాబ్దాల పాటు మోగిన గొట్టపు లౌడ్‌స్పీకరు కూడా ఒక విధమైన ట్రెబుల్ బూస్టరే. దాని పరిమాణమే కింది ధ్వనులను బయటికి పోనివ్వదు. మాటను దూరానికి చేర్చడమే దాని ప్రయోజనం. హల్లులను గుర్తించడానికి కావలసిన సమాచారం చాలావరకు 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది గనుక ఆ పని అది చక్కగా చేస్తుంది. కథకుని గొంతులోని మూలస్వరం తగ్గినా, అతిస్వరాలను బట్టి శ్రోత చెవి దాన్ని పూరించుకుంటుంది. తాళాలు మరింత పదునుగా వినిపిస్తాయి.

నష్టపోయేది జమిడిక. దాని మోతలో తోలు నుంచి వచ్చే కింది ధ్వనుల పాలు ఎక్కువ. గొట్టంలో అవి రాలిపోయి, తీగను మీటిన చప్పుడు మిగులుతుంది. ఎల్లమ్మ కథలో జమిడిక పని తాళం వేయడంతో తీరిపోదు. కథకుని మాట ఆగినచోట అది ఎగబాకి, జారి, మాటకు బదులు పలుకుతుంది. ఆ జారుడు వినిపించనప్పుడు కథలోని సంవాదం ఏకపాత్రాభినయంగా మారుతుంది. ఈ తరంలో వచ్చిన డీజే పెట్టెల పరిస్థితి దీనికి తలకిందులు. గుండెలదిరే కింది ధ్వనుల ముందు మాట మునిగిపోతుంది. గొట్టం వాద్యాన్ని మింగితే, డీజే కథను మింగుతోంది.

రేంజ్‌మాస్టర్‌కూ గొట్టానికీ భౌతికంగా పోలిక ఉంది. రెండూ కింది ధ్వనులను అడ్డగించేవే. భేదం అధికారంలో ఉంది. బ్రయాన్ మే తన సల్లెడను తానే ఎంచుకున్నాడు, వేళ్లతో అదుపు చేశాడు. తంబురా వాయించేవారు జీవను తామే జరుపుతారు. జమిడిక వాదకునికి గొట్టం మీద అటువంటి అధికారం లేదు. అతని నాదగుణాన్ని అద్దెకు తెచ్చిన పరికరం నిర్ణయిస్తుంది. మాట అర్థం కావడమే ముఖ్యం, వాద్యం రెండవదని కొందరు వాదించవచ్చు. ఉపన్యాసం విషయంలో ఆ వాదన చెల్లుతుంది. గొంతూ వాద్యమూ కలిసి చెప్పే కథలో ఒకదాన్ని తగ్గించి రెండవదాన్ని కాపాడామనుకోవడం సరికాదు.

6. పరిశోధనకు సూచనలు

ఈ పరిశీలన క్షేత్రపర్యటనకు కొన్ని బాధ్యతలను గుర్తుచేస్తుంది. కథను రికార్డు చేసేటప్పుడు మైకు కథకుని ముందు ఉందో, వాద్యం దగ్గర ఉందో, లౌడ్‌స్పీకరు ఎదుట ఉందో నమోదు చేయాలి. వీలైనచోట ఒకే ఘట్టాన్ని లౌడ్‌స్పీకరుతోనూ, అది లేకుండానూ రికార్డు చేయాలి. జమిడికకు విడిగా ఒక మైకు, కింది ధ్వనులను పలికించగల ఒక పెట్టె ఇచ్చి, ఆ మోతాదును వాదకుడే నిర్ణయించుకొనేలా చూడాలి. తన వాద్యం ఎలా వినిపించాలో అతన్నే అడిగి, అతను వాడిన మాటలను యథాతథంగా రాసుకోవాలి. నాదగుణాన్ని వర్ణించే తెలుగు పదజాలం ఆ మాటల నుంచే రావాలి.

7. ముగింపు

ట్రెబుల్ బూస్టర్ చరిత్ర పాశ్చాత్య సంగీతానికి చెందినదే. అయినా అది లేవనెత్తే ప్రశ్న స్వరం చెవికి చేరే ప్రతిచోటా వర్తిస్తుంది: ఏ ధ్వని ముందుకు రావాలి, ఏది వెనక ఉండాలి, ఆ నిర్ణయం ఎవరిది? గిటారు వాదకులు ఆ నిర్ణయాన్ని తమ చేతిలోకి తీసుకోవడం వల్లనే ఒక్క ట్రాన్సిస్టర్ ఉన్న పెట్టె కళాసాధనం అయింది. హుస్నాబాద్ వంటి ఎల్లమ్మ క్షేత్రాల్లో జమిడిక మోగించే చేతికి ఆ అవకాశం దక్కాలి. పాఠం కాగితం మీద భద్రంగా ఉన్నా, జమిడిక జారుడు వినిపించని ఎల్లమ్మ కథ సగం కథే.